ఆరున్నొక్కటి

మా చిన్నన్న పెద్దకర్మ అయిపోయిన మర్నాడు, వచ్చినోళ్లంతా మూటలు సర్దుకోని బస్సులెక్కి పోయినాక, పందిట్లో నేనూ, ఆయన మనవరాలు స్రవంతీ మిగిలినాం. ఆ పిల్ల కావలిలో ఒక కాలేజీలో లెక్కలు చెప్తుంది. నాకు సంతకం గీకడం, అంకెలు గుర్తుపట్టడం తప్ప చదువు రాదు. ఇదంతా నేను నోటితో చెప్తా ఉంటే మళ్లీ సెలవకి వచ్చిన ఆ పిల్లే రాస్తా ఉండాది. నా గొంతు ముందే బొంగురు, ఈ నెల రోజులుగా ఇంకా పూడుకుపోయింది, అందుకని మధ్యలో "మళ్లీ చెప్పు జేజీ" అంటా ఉంటుంది. ఆ రోజు ఊరికే కూర్చోలేక అడిగింది. "చిన్నజేజీ, తాతతో కలిపి మీరు మొత్తం ఎంతమంది?" అలవాటుగా నా నోట్లోంచి వచ్చేసింది: "ఆరుమందిమే. ఇంకొకటి." ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "ఏడుగురు అంటే సరిపోయె గదా జేజీ! ఇంకొకటేంది, కూరగాయల్లో కొసరు మాదిరి?" నవ్వితే నవ్వింది గానీ, ఆ మాట నాకు లోపల తగిలింది. ఎందుకంటే ఆ కొసరుని నేనే.

మా నాయన వడ్లు కొలిచే మనిషి. సొంతానికి పొలం కొద్దిగా ఉండేది, గానీ ఊళ్లో ఎవురి కళ్లంలో నూర్పిళ్లయినా రాశి కొలవడానికి నాయన్నే పిలిచేవాళ్లు. మొలగొలుకుల వడ్లు పండే కాలం అది. కోతలొచ్చినాయంటే మా ఇల్లంతా కొత్త వడ్ల వాసన, నాయన ఒళ్లంతా వడ్ల నుసి. పొద్దుగూకి ఇంటికొస్తే అమ్మ వేడినీళ్లు కాచి పెట్టి ఉంచేది. ఆ నీళ్లలో ఇంత వేపాకు. నీళ్లు పోసుకుంటా ఉన్నంతసేపూ "అబ్బా, గోకవే, వీపు గోకవే" అని అరిచేవాడు. తూరుపు గాలి తిరిగితే సముద్రం పక్కనించి ఉప్పు వాసన, ఎవురో ఎండేసుకున్న వట్టి రొయ్యల వాసన కలిసి వచ్చేవి. వట్టి రొయ్యలూ వంకాయా వేసి అమ్మ పులుసు పెడితే, కొలత పని ఉన్న రోజుల్లో నాయన అదే అడిగేవాడు. "గొంతుకి కారం తగలాలే, లేకపోతే రాశి కాడ మాట లేవదు" అనేవాడు. కొలవడమంటే చెయ్యి పని అనుకుంటారు, సగం గొంతు పనే. కుంచం నిండా వడ్లు తీసి, పైన అరచేత్తో చదును చేసి, పక్కన పోసేటప్పుడు ఊరంతా ఇనపడేలాగా పాటమాదిరి పలకాల. రాశి ఆసామి, కోసిన కూలోళ్లు, చూడొచ్చినోళ్లు అందరికీ ఆ లెక్క చెవిన పడాల.

ఆ పలకడంలో ఒక పద్ధతి ఉండేది. మొదటి కుంచానికి 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరు తర్వాత వచ్చేదాన్ని మాత్రం పేరు పెట్టి పిలవరు. 'ఆరున్నొక్కటి' అంటారు. ఆ మీద ఎనిమిది. ఎందుకంటే ఏడు అంటే లెక్కా అవుతుంది, కన్నీళ్లు పెట్టుకోమని చెప్పడమూ అవుతుంది. ఒకడు ఆరుగాలం కష్టపడి పండించిన రాశి ముందర నిలబడి 'ఏడు, ఏడు' అని అరిస్తే ఆ ఇల్లు ఏడవదా? మిగతా కొలిచేవాళ్లు కళ్లంలోనే ఆ పద్ధతి పాటించి ఇంటికొస్తే మామూలుగా మాట్లాడేవాళ్లు. మా నాయనకి అట్టా కాదు, ఇంట్లో కూడా ఆ మాట నోటికి రాదు. బడిపంతులు పొద్దున ఏడింటికి రమ్మంటే, "ఆరు దాటినాక ఇంకో గంటకి రమ్మన్నాడు" అని మా అన్నకి చెప్పేవాడు. ముసలవ్వ, అంటే నాయన్ని కన్నతల్లి, కోడిపిల్లల్ని గంప కింద మూసేటప్పుడు అట్టనే లెక్కపెట్టేది. మా అమ్మ వేరే ఊరి పిల్ల గదా, మొదట్లో ఎగతాళి చేసిందంట, పోనుపోను ఆమెకీ అదే వచ్చేసింది.

ఆ ఇంట్లో నేను ఏడో బిడ్డగా పుట్టినా. ఇంక చూస్కో. రికార్డులో రమణమ్మ, ఇంట్లో మాత్రం 'ఒక్కటి'. "ఒక్కటీ, ఇట్రా." "ఒక్కటి అన్నం తినిందా?" ఊళ్లో పిల్లలు నా అసలు పేరు నా పెళ్లి శుభలేఖలో చూసి "ఈ రమణమ్మ ఎవురబ్బా?" అన్నారంటే నమ్ము. ముద్దుగా పిలిచినా, నాకు మాత్రం ఎప్పుడూ ఒక అనుమానం. దాన్ని పెట్టింది మా చిన్నన్నే. నా కంటే ముందు పుట్టినోడు, ఆరోవాడు, నోరు ఊరుకోదు. "మేయ్, నాయన లెక్క నాతో అయిపోయిందే. నువ్వు కుంచం దులిపితే రాలిన గింజవి" అనేవాడు. నేను ఏడుస్తా పోయి ముసలవ్వకి చెప్తే, "వాడి నోట్లో మన్ను పొయ్యా, గింజయితే ఏందే, మొలకెత్తవా?" అనేది. అయినా నాకు తీరేది కాదు. అందరికీ జత ఉండేది మా ఇంట్లో. దంపుడు కాడ ఇద్దరిద్దరు. పండుకునేటప్పుడు ఒక చాప మీద ముగ్గురు, ఇంకో చాప మీద ముగ్గురు. ఆరుగురినీ రెండుగా సర్దినా సరిపోతారు, మూడుగా సర్దినా సరిపోతారు. నన్ను కలిపితే ఎట్టా సర్దినా ఒకరు మిగలతారు, ఆ మిగిలేది నేనే. అందుకని నాయన పక్కన గోడవారగా పండుకునేదాన్ని. ఆయన ఒంటి మీద ఎంత రుద్ది పోసుకున్నా పోని ఆ వడ్ల నుసి నాకు గుచ్చుకునేది. ఇప్పుడు తలుచుకుంటే అంత మంచి చోటు ఆ ఇంట్లో ఇంకెవురికీ దొరకలా. అప్పుడు మాత్రం చోటు లేని దాన్ని కాబట్టి ఆడ పడేసినారనుకునేదాన్ని.

ఈ మాట చెప్తే స్రవంతి కళ్లు మెరిసినాయి. "జేజీ, ఏడు అంతే. దాన్ని దేనితోనూ సమానంగా పంచలేం. అట్టాంటిదాన్ని ప్రధాన సంఖ్య అంటారు" అనింది. నాకు ప్రధానం అనే మాట ఒక్కటే చెవిన పడింది. "ప్రధానమా? ఎవురికే? ఉంగరం ఎవురు తొడగతా ఉండారు? మీ అమ్మ నాకు చెప్పనేలేదే!" అన్నా. పాపం ఆ పిల్ల, తాత పోయిన దుఃఖంలో ఉండి కూడా పొట్ట పట్టుకోని నవ్వింది. నవ్వి నవ్వి, పందిట్లో మిగిలిన ముగ్గుపిండి తెచ్చి నేల మీద ఒక పెద్ద సంఖ్య రాసింది. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు. "లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు. దీన్ని రెండింతలు చేస్తా చూడు." కింద రాసింది. రెండు, ఎనిమిది, అయిదు, ఏడు, ఒకటి, నాలుగు. మూడింతలు చేసింది. నాలుగింతలు. నేను వేలు పెట్టి ఒక్కో అంకె చూస్తా వచ్చినా. కొత్త అంకె ఒక్కటి రాలా. పాత అంకె ఒక్కటి పోలా. వరస కూడా అదే. కనకాంబరాల దండని ఏ పువ్వు కాడ పట్టుకోని ఎత్తితే ఆ పువ్వు పైకొచ్చినట్టు, మొదలు మాత్రం మారతా ఉంది. ఆరింతల దాకా అదే కత. "ఇదంతా యాడనించి వచ్చిందే?" అంటే, "ఒక్కదాన్ని ఏడుగురికి పంచబోతే వచ్చింది జేజీ. ఎంతసేపు పంచినా తెగదు. ఈ ఆరు అంకెలే తిరిగి తిరిగి వస్తా ఉంటాయి" అనింది. అచ్చుబెల్లం ముక్క మా ఏడుగురికీ పంచలేక, ఆఖరికి మిగిలిన పొడి నాలిక మీద ఏసుకునే మా అమ్మ గుర్తొచ్చింది. "మరి ఆరింతల మీద ఇంకో ఇంత చేస్తే?" అని అడిగినా. చేసింది. అన్నీ తొమ్మిదులే. ఒక్కటి కూడా తేడా లేకుండా, పెళ్లి పందిట్లో కట్టిన అరటిచెట్ల మాదిరి, తొమ్మిది పక్కన తొమ్మిది.

నేను చాలాసేపు ఆ పిండి అంకెల్నే చూస్తా కూర్చున్నా. "ఏంది జేజీ?" అనింది. "మీ ముత్తాతకి ఈ లెక్క తెలీదమ్మా. తెలీకుండానే ఒకసారి చేసినాడు" అన్నా. "మీ తాతే దానికి సాక్షి. సాక్షి కూడా కాదులే" అన్నా. అప్పుడు ఆ పిల్లకి నా పెళ్లి సంగతి చెప్పినా.

నన్ను చూసుకోడానికి సముద్రం వార దిబ్బల మీద ఊరినించి వచ్చినారు. ఆడ ఇసక నేల, వడ్లు పండవు. సర్వీ, అదే సరుగుడు, తోపులు పెంచి కట్టెలు తూకానికి అమ్ముకునే వాళ్లు. వాళ్లకి కుంచం లేదు, రాశి లేదు, మా నాయన పలికే లెక్కా తెలీదు. మా అత్త కాబోయే ఆమె గట్టి మనిషి, మాట సూటి. మురుకులు తిని కాఫీ తాగి, "ఎంతమంది పిల్లలయ్యా మీకు?" అని అడిగింది. నాయన పై గుడ్డ సర్దుకోని, "ఆరుమంది తల్లీ" అన్నాడు. కొంచెం ఆగి, "ఇంకొకటి" అన్నాడు. "ఇంకొకటంటే?" "ఇదిగో, ఇది" అని నన్ను చూపించినాడు. ఆమె నా వైపు చూసింది, నాయన వైపు చూసింది. ఇంకేం అడగలా. బండి కట్టుకోని పోయినారు.

తర్వాత మా మేనమామ చేత మాట పంపించినారు. పిల్ల బాగుండాదంట. పనీపాటా వచ్చంట. గానీ ఆయన కన్నబిడ్డ కాదంట గదా, ఎవురి బిడ్డనో తెచ్చి పెంచుకున్నారంట గదా, ఆ సంగతి మధ్యవర్తి ముందే ఎందుకు చెప్పలేదు అని. మామ ఈ మాట చెప్పి తల దించుకున్నాడు. అమ్మ పొయ్యి కాడనించి లేచి వచ్చింది. "నీ నోట్లో ఆ మాట రాదని నా బిడ్డని బయటిదాన్ని చేసినావు గదయ్యా! పోయి చెప్పు. ఏడుగురు నా పిల్లలు అని ఒక్క మాట చెప్పిరా!" నాయన రెండు చేతులూ అడ్డం పెట్టినాడు. "శుభమా అని పెళ్లి మాటలు నడస్తా ఉంటే ఎందుకే ఆ మాట? దాని తల మీద చెయ్యి పెట్టి నేనా మాట అనాలా? రేప్పొద్దున అది ఆడ కంటతడి పెడితే?" "ఇప్పుడు పెట్టిస్తా ఉండావు గదా!" అనింది అమ్మ. మా చిన్నన్న ఆ రోజు మాత్రం నోరు తెరవలా.

పెళ్లి తప్పిపోతుందని నాకు బాధ లేదు. పెళ్లికొడుకుని నేను సరిగా చూసింది కూడా లేదు. నా బాధంతా ఒక్కటే. మా నాయన నన్ను లెక్కలో పెట్టినాడా, లేదా? నేను గోడవార పండుకోడం మానేసి ముసలవ్వ కాడికి పోయినా. నాయన వచ్చి కాళ్ల కాడ కూర్చున్నాడు. "ఎందుకే ఒక్కటీ, అన్నం తినలేదంట?" "నన్ను ఒక్కటీ అనబాక. లెక్కలో పెట్టు" అన్నా. ఆయన లేచి బయటికి పోయినాడు. వాకిట్లో నిలబడి చాలాసేపు ఉత్తినే గొంతు సవరించుకుంటా ఉన్నాడు. ఆయన ఆ మాట పలకాలని పెదాలు కూడా కదిలించినాడని ముసలవ్వ తర్వాత చెప్పింది. రాలేదంట.

సంబంధం ఆడితో పోయేదే. గానీ ఆ పిల్లోడు ఇంకో పిల్లని చూడనని కూర్చున్నాడంట. అందుకని వాళ్లమ్మే మళ్లీ బండి కట్టించుకోని వచ్చింది, మా ఇంటికి కాదు, నేరుగా కళ్లానికే. మా కళ్లంలో మా వడ్లే నూరస్తా ఉన్నాం. పెళ్లిళ్లయిన అక్కలతో సహా అందరం ఆడే ఉన్నాం, తలల్లో తాలు, ఒళ్లంతా దురద. ఆమె బండి దిగీ దిగకముందే అడిగింది. "ఏమయ్యా, మర్యాదగా అడగతా ఉండా. ఈ పిల్ల నీ బిడ్డేనా? నీ నోటితో చెప్పు." నాయన నీళ్లు తాగినాడు. "చెప్పడమెందుకు తల్లీ, కొలిచి చూపిస్తా. రండ్రా అందరూ" అన్నాడు. వయసు వరసలో నిలబడినాం. నేను అలవాటు ప్రకారం చివర నిలబడినా. నాయన పెద్దన్న ముందర నిలబడి చెయ్యెత్తినాడు. ఎత్తినోడు దించేసినాడు. మా అందర్నీ దాటుకోని గబగబా చివరికి వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టినాడు. రాశి కాడ పలికే గొంతుతో, చుట్టుపక్కల కళ్లాల వాళ్లు కూడా పని ఆపి చూసేలాగా, "లాభం!" అన్నాడు.

ఆ చేతి బరువు నాకిప్పటికీ తెలస్తా ఉండాది. మళ్లీ మొదటికి పోయి పెద్దన్న నెత్తి మీద పెట్టి రెండు అన్నాడు. పెద్దక్క మూడు. అట్టా ఒక్కొక్కరినీ తాకతా వచ్చి, ఆరు అయిపోయినాక, నా పక్కన నిలబడిన చిన్నన్న ముందర ఆగిపోయినాడు. అప్పుడు అర్థమయింది ఆయనకి. నన్ను తప్పించబోయి ఇంకో బిడ్డని ఆడ పెట్టినాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మొహం నల్లబడిపోయింది.  చిన్నన్న నన్ను చూసినాడు, నాయన్ని చూసినాడు. ఎప్పుడూ గింజా గింజా అని నన్ను ఏడిపించినోడు, తనే వంగి నాయన చేతి కిందకి తల పెట్టినాడు. "అనేయ్ నాయనా. మీసాలొచ్చినోడిని, నాకేం కాదు. ఇది పక్కింటిది అనిపించుకోడం కంటే ఇదే మేలు" అన్నాడు. నాయన ఆ తల మీద చెయ్యి ఆనించినాడు. మెల్లగా, మా చివరివాళ్లకి తప్ప ఎవురికీ ఇనపడనట్టు, "ఆరున్నొక్కటి" అన్నాడు.

ఆ పలకడంలో పద్ధతేందో అమ్మ చెప్తే మా అత్త ఇనింది. తర్వాత చిరాకంతా ఎత్తుకుంది. "ఈ లెక్క మొన్ననే చెప్పుంటే నేను రెండుసార్లు బండి కట్టించుకునే పని తప్పేది గదయ్యా! ఎద్దులకి పాపం తగలదా?" అనింది. అందరూ ఒక్కసారి గొల్లున నవ్వినారు. ఆమె రాశిలో రెండు దోసిళ్ల వడ్లు తీసి నా కొంగులో పోసి, "లాభాన్ని మాకిచ్చేస్తా ఉండాడు, మీరేం బతకతారో" అని మా అమ్మతో అనింది. ఆమె చనిపోయేదాకా నన్ను ఆ పేరుతోనే పిలిచింది. మా ఆయన కూడా కోపమొస్తే "ఏం లాభం, ఏం లాభం" అని గొణుక్కునేవాడు, అది నన్ను పిలవడమో తిట్టడమో నాకు తెలిసేది కాదు.

స్రవంతి అంతా ఇని, పిండి అంకెల వంక చూస్తా మెల్లగా అడిగింది. "అయితే జేజీ, ఆ రోజునించి మా తాతకి ఏడుపు రాసిపెట్టినట్టయిందా?" చూసింది చూసినట్టు చెప్పినా. మీ తాత ఉన్నంత కాలం నవ్వించినోడే. గానీ మా తోడబుట్టినోళ్లలో ఒకరొకరే పోతా ఉంటే, ప్రతి చావుకీ ముందు చేరింది ఆయనే, ఆడోళ్ల కంటే గట్టిగా ఏడ్చింది ఆయనే. మా ఆయన పోయినప్పుడు అందరూ నన్ను ఊరుకో ఊరుకో అంటా ఉంటే, చిన్నన్న ఒక్కడే గోడకి ఆనుకోని, నేను ఏడ్చినంతసేపూ నాతో కూర్చోని ఏడ్చినాడు. అది రాసిపెట్టడమంటావా, ఆయన మనసే అంతంటావా, నాకు తెలీదు. చిన్నన్న పోయిన రోజు నాకు కన్నీళ్లు రాలా. గొంతు పూడింది, కళ్లు ఎండిపోయినాయి. ఏడ్చే పని ఎప్పుడూ ఆయనే చేసేవాడు గదా, నాకు చేతకాకుండా పోయింది.

ఇప్పుడు కళ్లాలు లేవు. మిషను పొలంలోకి దిగి కోసి, నూర్చి, అట్టనే ట్రాక్టరులో పోసేస్తుంది. కాటా మీద బస్తా పెడితే ఎర్ర అంకెలు వస్తాయి. ఆ కాటాకి ఏడు వచ్చినా ఒకటే, ఎనిమిది వచ్చినా ఒకటే. తప్పు లేదు, తూకం మంచిదే, మోసం లేదు. కాకపోతే నోరు తెరిచి పలికేవాళ్లు లేరు. మా కళ్లం ఉన్న చోట ఇప్పుడు రొయ్యల గుంట, నీళ్లు చిమ్మే చక్రాలు గడగడా తిరగతా ఉంటాయి. స్రవంతి కావలికి పోయే ముందు రోజు సాయంత్రం నేనొక్కదాన్నే ఆడికి నడిచిపోయినా. గుంట గట్టు మీద నిలబడి, ఈ పూడిన గొంతుతోనే మొదలుపెట్టినా. లాభం అని నాకు నేనే అనుకున్నా. పెద్దన్న పేరు చెప్పి రెండు. అక్కల పేర్లు, అన్నల పేర్లు, ఒక్కొక్కరినీ చెప్పుకుంటా ఆరు దాకా వచ్చినా. చిన్నన్న పేరు చెప్పినా. ఆ పైన మా నాయన అనలేని మాట, ఆ ఇంట్లో పుట్టి నేను ఎన్నడూ కావాలని పలకని మాట, గట్టిగా పలికినా. "ఏడు!"

చక్రాల చప్పుడుకి, గాలికి, కాపలా మనిషికి అది 'యాడ' అని ఇనపడినట్టుండాది. షెడ్డులోంచి బయటికొచ్చి, "యాడ ఏందవ్వా? ఎవురికోసం ఎతకతా ఉండావు?" అని కేకేసినాడు.

"మా చిన్నన్న కోసం నాయనా" అన్నా. అప్పుడొచ్చినాయి కన్నీళ్లు.